తేలిక తూటాలు

వెల్లింగ్టన్‌లో నా మొదటి కాంట్రాక్టు ఒక ప్రభుత్వ శాఖలో. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన రోజులవి. నా పక్క డెస్కులో అరవై దాటిన న్యూజిలాండ్ మనిషి ఒకాయన కూర్చునేవాడు. ఒకరోజు, "శనివారాలు ఏం చేస్తుంటావు?" అని అడిగాడు. ఏమీ చేయనన్నాను. నా భార్య నర్సు. శనివారాలు ఆమెకు డ్యూటీ. నేను బట్టలు ఉతికి, గాలికి అవి ఎగిరిపోకుండా చూసుకునేవాణ్ణి, అంతే.

అలా ఊరి పక్కనే ఉన్న హట్ వ్యాలీలో ఆయన ఇంటి వెనక షెడ్డుకు వెళ్లడం మొదలైంది.

ఆయన దగ్గర ఒక పెద్ద తుపాకీ ఉండేది, ఆఫ్రికాలో అడవిదున్నల్ని కాల్చే రకం. దానికి తూటాలు కొనేవాడు కాదు, చేసుకునేవాడు. ఒకసారి పేలిన ఇత్తడి గొట్టాలను ఏరి తెచ్చి, తోమి, బల్లకు బిగించిన ప్రెస్సులో నొక్కి మళ్లీ ఆకారానికి తెచ్చేవాడు. అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు కొత్తది పెట్టి, లోపల తూకం వేసిన మందు పోసి, మూతిలో గుండు బిగించేవాడు. నేనూ ఒక్కసారి ఆ తుపాకీ కాల్చాను. గాడిద తన్నినట్టు తన్నింది. భుజం నల్లగా కమిలి చొక్కా వేసుకోవడానికి కూడా కష్టమైతే, "ఇదేం సరదా?" అని నా భార్య తిట్టింది.

కాల్చడం నచ్చలేదు గానీ, తూటాలు చేయడం నచ్చింది. ఆ షెడ్డులో ఎవరూ నా ఇంగ్లీషు వినరు, నా వీసా సంగతి అడగరు. కొన్నాళ్లకు మందు తూకం వేసే పని నాకే వదిలేశాడు. "నీ చెయ్యి నా చేతికంటే నిలకడ," అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను.

ఆ ఏడాది ఆయన కుడి భుజానికి ఆపరేషన్ అయింది. వేట మానలేదు. ఒక శనివారం ఆయన పాలకోసం డైరీ కొట్టుకు వెళ్లినప్పుడు, ఆయన భార్య షెడ్డులోకి వచ్చింది. ఎప్పుడూ వచ్చేది కాదు.

"ఇంకో దెబ్బ తగిలితే ఆ భుజం బాగుపడదన్నాడు డాక్టరు. నా మాట వినడు," అంది. "మందు కొంచెం తగ్గించకూడదా? తన్నడం తగ్గుతుంది కదా."

"ఆయనకు చెప్పి చేస్తాను."

"చెబితే ఒప్పుకుంటాడా?"

ఒప్పుకోడని ఇద్దరికీ తెలుసు. నేను తలూపాను. షెడ్డులో ఉన్న మందు తూకాల పుస్తకంలో ఆ తుపాకీకి అన్నిటికంటే తక్కువగా ఇచ్చిన తూకం ఎంతో చూసి, ఆ వారం తూటాలన్నిట్లో అంతే పోశాను. మంచిపనే చేస్తున్నాననుకున్నాను.

తర్వాతి నెల ఉత్తరాన మనావటూ వైపు వెళ్లాం, కణుజు వేటకు. మన అడవుల్లో ఉండే కణుజే, ఆ పెద్ద జింక. ఎప్పుడో ఎవరో ఓడలో తెచ్చి వదిలారట. పైన్ తోట అంచున, చిత్తడి నేలకు ఎదురుగా కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా పెద్ద మగది బయటికొచ్చి, తలెత్తి, చెవులు తిప్పింది. చిన్నప్పుడు మా మేనమామతో ఏటూరునాగారం అడవికి వెళ్లినప్పుడు జీపు ముందు ఇలాగే నిలబడ్డ జంతువు నాకు గుర్తొచ్చింది.

ఆయన కాల్చాడు. కణుజు ముందుకాళ్ల మీద కూలి, మళ్లీ లేచి, కుంటుతూ పొడవాటి ఆకుల ఫ్లాక్స్ పొదల్లోకి దూరిపోయింది. గుండు కిందికి తగిలింది. తుపాకీ గురి పాత తూటాలకు సరిచేసి ఉంది. మందు తగ్గితే గుండు గురికంటే కిందికి పోతుందన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

చీకటి పడేదాకా వెతికాం. దొరకలేదు. కారులోనే పడుకున్నాం, పడుకున్నామనడమే గానీ నిద్ర లేదు. తెల్లవారాక రక్తపు చుక్కలు పట్టుకుని వెళితే, మోకాలి లోతు నీళ్లలో కనిపించింది. బతికే ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది, లేవలేకపోయింది. ఆయన దగ్గరికి వెళ్లి పని ముగించాడు. తిరిగొచ్చి తుపాకీలో మిగిలిన తూటాలు తీసేశాడు.

"నా పనైపోయింది. గురి పోయింది. ఇది అమ్మేస్తాను," అన్నాడు తుపాకీ చూపించి.

మాంసం కోసి కారులోకి ఎక్కించాం. దారిలో ఓటాకి ఊరు దాటాక ఇక ఉండబట్టలేక చెప్పాను: "మీ గురి తప్పలేదు. మందు నేను తగ్గించాను. మీ భుజం కోసం."

ఆయన కారు పక్కకు ఆపాడు. లారీలు దూసుకుపోతుంటే కారు ఊగుతోంది.

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు."

"నా భుజం నాది. నొప్పి పెడితే నాకు పెడుతుంది. రాత్రంతా ఆ నీళ్లలో పడి ఉన్నది నా భుజం కాదు కదా," అన్నాడు. మా ఇంటి దగ్గర నన్ను దింపి, నా వాటా మాంసం మాత్రం చేతికిచ్చాడు.

నా భార్య అల్లం వెల్లుల్లి దట్టించి వండింది. ముద్ద కలిపి కూర్చున్నాను.

"ఏమైంది, తింటలేవు? కారం ఎక్కువైందా?"

జరిగిందంతా చెప్పాను. విని, "ఆమె అడిగింది, నువ్వు చేసినవ్. తప్పు నీ ఒక్కనిదేనా?" అంది.

"అడిగింది ఆమె. పోసింది నేను."

ఆఫీసులో ఆయన మామూలుగానే ఉండేవాడు, పని వరకు. శనివారం మాట ఎత్తలేదు. ఆ చలికాలమంతా అలాగే గడిచింది. ఒక సాయంత్రం ఆయన భార్య ఫోన్ చేసింది.

"నేను అడిగానని చెప్పలేదా?"

"లేదు."

"ఎందుకు?"

పోసింది నేనే కదా అన్నాను. "నేనే చెబుతాను," అని పెట్టేసింది.

మర్నాడు ఆయన నా డెస్కు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఇద్దరూ కలిసి నన్ను ముసలాణ్ణి చేశారు," అన్నాడు. కోపం ఉంది గానీ, పాత కోపం కాదు. "ఈ శనివారం వస్తావా?"

వెళ్లాను. ఆయన నన్ను క్షమించాడని తెలుస్తూనే ఉంది. కానీ ఆ కణుజు లేవబోయిన తీరు నా కళ్లముందు నుంచి పోలేదు. దాని తరఫున క్షమించడం ఆయన వల్ల అయ్యే పని కాదు. మందు తూకం మీరే వెయ్యండన్నాను. ఆయన కాదనలేదు.