పెసర చేనులో మినుము

ఇబ్రహీంపట్నంలో ఆటో ఎక్కి కలుపుకు పోయే ఆడవాళ్లలో అనంతమ్మ ఎప్పుడూ చివర కూర్చుంటుంది, దిగేటప్పుడు ముందామె కొంగు పట్టుకుని దిగవచ్చని. ఎవరినీ పేరు పెట్టి పిలవదు. గొంతు వినపడితే చాలు, అటు తిరిగి నవ్వుతుంది. కళ్లకు పొర కమ్మిందని తెలిస్తే, కూలీలను కూడేసే కరుణ మళ్లీ పిలవదని ఆమె భయం. గడ్డి అయితే వేళ్లకే తెలిసిపోతుంది. ఈసారి వచ్చింది పెసర చేనుకు. విత్తనంలో మినుములు కలిశాయట, పూతకు ముందే మినుము మొక్కలన్నీ పీకెయ్యాలట. రెండూ తోడబుట్టినట్టే ఉంటాయి: అదే ఎత్తు, అవే మూడేసి ఆకులు. మినుము ఆకు కాస్త గరుకు, అంతే తేడా. ఆ గరుకు అనంతమ్మ కాయలు కాచిన వేళ్లకు అందడం లేదు. పీకిన మొక్క పెసరేమోనని అనుమానం వచ్చింది. దాన్ని ఒడిలో దాచేసి, పక్క మొక్క ఆకును చెంపకు రాసుకుంది. గరుకుగా తగిలింది. మినుమే! ఇక ప్రతి మొక్కకూ వంగి చెంప ఆనిస్తూ పోతుంటే, మీద నీడ పడింది.

"ఏం జేస్తున్నవ్ అత్తా?" కరుణ గొంతు.

"వాసన చూస్తున్న బిడ్డా."

కరుణ చెయ్యి చాపింది. "గీ ఆకు ఏందో చెప్పు. పెసరనా, మినుమా?"

అనంతమ్మ మసక మసకగా కనిపించే ఆ చేతివైపు తిరిగి నవ్వింది. "మినుమే."

"నా చేతుల ఆకే లేదత్తా," అంది కరుణ, పక్కవాళ్లకు వినపడకుండా.