రావిచెట్టు పక్కన పెట్టిన రాళ్ళు

ఇది ఒక పర్వతం, ఒక నది, ఒక మహావృక్షం, దానికి తగిలిన శాపం గురించిన కథ. చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకోవాలని, పిల్లలకు చెప్పుకోవాలని, అంత పెద్దగా రాద్దామనే కూర్చున్నాను. కానీ నిజం చెప్పాలి కదా. పర్వతం పిడికిలంత ఉంటుంది. నది అంటే తట్టలో పరిచిన తెల్ల రాళ్ళు. మహావృక్షం జానెడు మీద కొంచెం. శాపం సంగతి మా అవ్వనే అడగాలి.

చెట్టు మా బావది. శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత గోడ పగుల్లో మొలిచిన రావి మొక్కను పీకి తెచ్చాడు. రాగి తీగలు చుట్టి, కొమ్మలు వంచి, వేళ్ళు కత్తిరించి, లోతు లేని మట్టితట్టలో ఏళ్ళ తరబడి పెంచాడు. బాయిలో నుంచి పైకి వచ్చి ఇంటికి చేరగానే ముందు దాన్నే చూస్తాడు, తర్వాత అక్కను చూస్తాడు. పెళ్ళైన మొదటి వారంలోనే అక్క ఈ వరుస గమనించింది. ఇంకా మరిచిపోలేదు.

వానలు పడే రోజుల్లో వాళ్ళ క్వార్టర్ల మీద కోతులు పడ్డాయి. ఆకులు తెంపాయి, తట్టను తలకిందులు చేశాయి. బావ ఆ చెట్టును బస్సులో ఒళ్ళో పెట్టుకుని కరీంనగర్‌లో మా ఇంటికి తెచ్చాడు. మా వరండాకు ఇనుప జాలి ఉంది. తనూ జాలి కొట్టించుకునేదాకా చెట్టు మా దగ్గరే ఉండాలి.

"పానం లెక్క జూసుకోవాలె బామ్మర్దీ" అన్నాడు. ఎవరి పానం లెక్క అని అడగలేదు. నా పానం నేనెట్లా చూసుకుంటానో ఆయనకు తెలిస్తే చెట్టును తిరిగి బస్సెక్కించేవాడు.

పోయేముందు ఇంకో పని కూడా అప్పగించాడు. చెట్టు పక్కన రాళ్ళు పేర్చి అదొక కొండచరియలా కనిపించాలట. "రాళ్ళు నువ్వే పెట్టు. నాకు ఏ రాయి జూసినా బొగ్గే యాదికొస్తది."

నేను చేపల తొట్టెలు అమ్మే దుకాణానికి పోయి ఊదా రంగు స్ఫటికాలు కొన్నాను. మెరుపు బాగానే ఉంది. తట్టలో పెట్టి చూస్తే రావిచెట్టు కాస్తా పెళ్ళి స్టేజీ కోసం విరిచి తెచ్చిన కొమ్మలా కనిపించింది. అప్పుడు అర్థమైన సంగతి ఏమిటంటే, చెట్టు వయసు చెప్పేది చెట్టు కాదు, పక్కనున్న రాయి. పెద్ద స్ఫటికం పెడితే చెట్టు గడ్డిపరక అవుతుంది. చిన్న మొద్దు రాయి పెడితే దానికి వందేళ్ళు వస్తాయి. అందుకని పెద్దవి తీసేసి, వేరు చాటున ఒక్క చిన్న ఊదా ముక్క ఉంచాను. నది కోసం పలుగురాళ్ళు పగలగొట్టి పరిచాను. అవి తెల్లగా, అద్దంలా ఉంటాయి. ఇక కొండ కావాలి.

నేను నీళ్ళు శుద్ధి చేసే మిషన్లు బాగుచేస్తాను. పని మీద ఉట్నూర్ వైపు తరచుగా పోతుంటాను. ఉట్నూర్ నుంచి జైనూర్ పోయే దారిలో ఒక వాగు దగ్గర బండి ఆపితే కాలికి తగిలింది ఆ నల్ల రాయి. ఒక పక్క నిటారుగా, ఒక పక్క వాలుగా, అచ్చం గుట్టే. సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

అవ్వ దాన్ని చూసి చేయి కూడా పెట్టలేదు.

"యాడికెల్లి తెచ్చినవ్రా?"

"వాగులకెల్లి."

"ఎవలదన్న దేవుడు గాదు గదా?"

"రాయే అవ్వా. పసుపు లేదు, కుంకుమ లేదు."

"వానకు కడుక్కపోయుంటది."

ఆ రాయి దేవుడు కాదని నా దగ్గర రుజువు లేదు, అవునని ఆమె దగ్గరా లేదు. అయినా ఓడిపోయింది నేనే.

కొండను తట్టలో మూడో వంతు మట్టిలోకి దింపి పెట్టాను, నేలలో నుంచి పుట్టినట్టు ఉండాలని. ఇంటికి వచ్చినవాళ్ళంతా "అబ్బ, ఎంత ముద్దుగున్నదో" అన్నారు. బావకు ఫోటో పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేసి "మంచిగున్నదిరా" అన్నాడు. ఆ గొంతు విని నాకు సంతోషం వేయలేదు, భయం వేసింది. ఇంతగా ఇష్టపడిన దాన్ని పాడుచేసే అవకాశం ఇప్పుడు పూర్తిగా నా చేతిలో ఉంది.

చలి తగ్గి ఎండ ముదురుతుండగా ఆకులు రాలడం మొదలైంది. మొదట ఒకటి పసుపు పచ్చగా మారి కొండ మీద పడింది. అందంగానే ఉంది, ఫోటో కూడా తీశాను. మర్నాటికి తట్ట నిండా పడ్డాయి. ఇక ఫోటోలు తీయలేదు.

స్ఫటికం మీద అనుమానం వచ్చింది. రంగు దిగి వేళ్ళకు పట్టిందేమోనని దాన్ని గ్లాసు నీళ్ళలో వేశాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. దాని గుండా ఎండ పడి ఆకు కాలుతుందేమోనని, ఆకు బదులు నా అరచేయి పెట్టి కూర్చున్నాను. చేయి కాలలేదు, పనికి ఆలస్యమైంది. అవ్వ మాత్రం అనుమానాలు పెట్టుకోలేదు, తీర్పే చెప్పింది.

"గా రాయి తీస్కపోయి గా వాగులనే ఏసి రా."

"ఏసినంక గూడ ఆకులు రాల్తె?"

"అప్పుడు సూద్దాం. ముందుగాల ఏసి రా."

బావ ఫోన్ చేశాడు. "చెట్టెట్లున్నదిరా?"

"మంచిగనే ఉన్నది బావా. జర బరువు తగ్గింది."

"వీడియోల సూపెట్టు."

"సిగ్నల్ లేదు బావా."

కరీంనగర్ నడిబొడ్డున నిలబడి ఈ మాట అన్నాను. ఆయన "జాలి అయిపోయింది. ఐతారం నాడు వస్తున్న, తీస్కపోత" అన్నాడు.

శనివారం పొద్దున నీళ్ళు పోస్తూ చూస్తే, నదిలో ఒక తెల్లరాయి తక్కిన వాటిలా లేదు. మిగతావి పదునుగా ఉంటే అది చప్పరించిన పిప్పరమెంటులా నున్నగా అరిగిపోయింది. తీసి నాలుకకు ఆనించాను. నోరంతా పిడచగట్టింది. బురద నీళ్ళు తేరడానికి వాడే సరుకు, నాకు తెలియకపోవడమేమిటి? పటిక!

"అవ్వా!"

వంటింట్లో నుంచి బయటికి రాకుండానే జవాబు ఇచ్చింది. "దిష్టికి పెట్టిన. అందరు ముద్దుగున్నది, ముద్దుగున్నది అనవట్టిరి. గుమ్మానికి గడితె ఇంటికి కాస్తది గని, చెట్టుకు కాస్తదా?"

"నాకు చెప్పద్దా?"

"చెప్తె పెట్టనిస్తవా? నీ తెల్లరాళ్లల్ల కనవడదని గాడ పెట్టిన."

నిజంగానే కనపడలేదు. నేను రోజూ పోసిన నీళ్ళు దాన్ని కరిగించి వేళ్ళకు అందించాయి. చెట్టును ఇద్దరం కలిసి చంపుతున్నామన్నమాట, అవ్వ రక్షణగా, నేను సేవగా. పటిక తీసి పారేశాను. మట్టిలో నుంచి నీళ్ళు అడుగున కారేదాకా మళ్ళీ మళ్ళీ పోసి కడిగాను. అవ్వ పక్కన నిలబడి ఏడవలేదు గానీ, కొంగు మాత్రం చేతిలోనే ఉంచుకుంది. "గాయన మొఖమెట్ల జూసుడురా" అని ఒక్కమాటే అంది.

ఆదివారానికి చెట్టు మీద ఒక్క ఆకు లేదు. కొమ్మలు, తీగ గుర్తులు, పక్కన కొండ. చెట్టు పోయాక కొండ ఇంకా బాగా కనిపిస్తోంది, అదొక అవమానం.

బావ వచ్చి చెప్పులు విప్పి నేరుగా వరండాలోకి పోయాడు. అవ్వ చాయ్ పెడతానని లోపలికి పోయి, చాయ్‌తో సహా అక్కడే ఉండిపోయింది. నేను ఆయన ఎదుట నిలబడి ఊదా రాయి, వాగు రాయి, పటిక, దిష్టి, నా అరచేయి, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పేశాను. సిగ్నల్ ఉండిందని కూడా చెప్పాను.

ఆయన గోటితో కొమ్మ మీద బెరడు కొంచెం గీకాడు. లోపల పచ్చగా ఉంది. కొమ్మ చివర వేలు పెట్టి చూపించాడు. సూదిమొనంత ఎర్రటి మొగ్గ.

"సచ్చిపోలేదా బావా?"

"ఎందుకు సస్తదిరా?"

"పటిక?"

"పటిక తీసేసినవ్ గద. మన్ను మారుస్త, అయిపాయె."

"మరి ఆకులు?"

ఆయన రాలిన ఆకులను తట్టలో నుంచి ఏరుతూ, పెద్దగా ఆసక్తి లేకుండా చెప్పాడు. "చలి పోంగనే రాలుస్తది. రావి గదరా."

రావిచెట్టు ఏటా ఎండాకాలం ముందు ఆకులన్నీ రాలుస్తుంది. కొన్నాళ్ళకు కొత్తవి వస్తాయి.