చిన్నాయన బిగించనన్న పోగులు

మా చిన్నాయన సుబ్బరాయప్పగారు మొన్న సోమవారం ప్రొద్దుటూరులో పరమపదించారు. జ్వరమే గదా, తగ్గిపోతుందని దేవుడి ముందు దీపం వెలిగిస్తూ ఉండగా కబురు వచ్చింది. బడికి పోని నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన గురువు ఆయన. ఈ నాలుగు మాటలూ ఆయన పెట్టిన భిక్షే.

యుద్ధకాలంలో సైన్యపు వర్క్‌షాపులో ఆయన తుపాకుల దుర్భిణీలు బాగుచేసేవారు. పూర్వం దూరాన్ని కంటితోనే అంచనా వేసేవారట. తరువాత అద్దాల నడుమ సాలీడు పోగులు అడ్డంగా బిగించారు; ఆపైన గాజు మీదనే గీతలు చెక్కారు. ఎత్తు తెలిసిన ప్రాణి రెండు గీతల నడుమ సరిగా ఇమిడితే, అది ఎంత దూరాన ఉందో తెలుస్తుంది. "పటాలంలో ఆ గీతలు మనిషి ఎత్తుకే పెట్టినారు పాపా. దేవుడిచ్చిన ఒడ్డూపొడుగు దేనికి పనికొచ్చిందో చూడు" అనేవారు.

ప్రొద్దుటూరులో అంగడి పెట్టాక, అడవిపందులను వేటాడే రైతులు వచ్చేవారు. చచ్చిన పంది ఎత్తును దారంతో కొలిచి తెమ్మని, ఆ కొలతకే పోగులు బిగించేవారు. పోగు ఇచ్చిన సాలీడుకు నమస్కరించి మళ్లీ గోడమీద వదిలేవారు.

బడిపంతులైన మా ఇంటాయన ఒక హత్యకేసులో జమ్మలమడుగు కోర్టులో సాక్ష్యం చెప్పవలసిన రోజులవి. ముద్దాయి మనిషి ఒకడు పులివెందుల నుంచి దుర్భిణీ, దారం తెచ్చాడు. వాడు ఎవరి మనిషో చిన్నాయనకు తెలుసు; మా చుట్టరికం వాడికి తెలియదు. చిన్నాయన దారం కొస కాలితో తొక్కిపట్టి పైకెత్తితే, ఆయన తల దాటి బెత్తెడు మిగిలింది. ఆ కేసు సాక్షుల్లో అంత పొడుగరి మా ఇంటాయన ఒక్కరే.

"ఏందప్పా, మీ పక్క పందులు నిలబడి నడుస్తాండాయా?"

"నీకెందుకు మామా? చెప్పిన పని చెయ్యి."

"ఇది ఎవురి ఎత్తో నాకు తెలుసు. నేను బిగియ్యను. ఎత్తుకోని పో."

వాడు పోగానే అంగడి మూసి, బస్సెక్కి మేముండే తొండూరు వచ్చి, మమ్మల్ని వేంపల్లెలో బంధువుల ఇంటికి చేర్చారు. మా ఇంటాయన సాక్ష్యం చెప్పారు. ముద్దాయికి శిక్ష పడింది. ఆ వారంలోనే ముద్దాయి మనుషులు నడిబజారులో చిన్నాయన కుడిచేతిని బండమీద పెట్టి నలగ్గొట్టారు. చూసినవారు చాలామంది, చూశామన్నవారు లేరు.

నేను ఏడిస్తే, "ఏందిమ్మా ఇది? నీ పసుపుకుంకాలు ఉండాయి గదా. అన్నం పెట్టు, శానా ఆకలైతాంది" అన్నారు. ఎడమచేత్తో తినవలసి వచ్చినందుకు, ఆ తరువాత ఏ శుభకార్యంలోనూ పంక్తిలో కూర్చోలేదు.

ఆయనకు పుత్రసంతానం లేదు. మా ఇంటాయనే తలకొరివి పెట్టారు. చితిమీద చేతులు సర్దమని పురోహితులు చెబితే, ఆ కుడిచేతి వేళ్లు చాపినా సాగలేదట. మా ఇంటాయన ఆ చేతిని తన రెండు అరచేతుల నడుమ పెట్టుకుని, అట్లాగే నమస్కరించారట.

మాకు ఈ లోటు తీరేది కాదు. ఆ నమస్కారంలో నాదీ చేర్చుకో, చిన్నాయనా.