భూతద్దానికి ఒక జేబు

తెల్ల బట్టను బల్ల మీద పరిచి, అరచేత్తో ముడతలు సాపు చేసి, అంగుళమక్క నీలం సుద్దతో గీత గీసింది. భుజం దగ్గర మొదలుపెట్టి, చంక కింద వంపు తిప్పి, మోకాలి దాకా ఒక్క ఊపులో లాగింది. ఆ గీతకు అంగుళం అవతల ఇంకో గీత గీసి, కత్తెరను ఆ రెండోదాని మీద నడిపించింది.

ఆమెకు అంగుళమక్క అన్న పేరు రావడానికి కారణం ఈ రెండో గీతే. పదహారేళ్ళుగా ఆమె కుట్టిన ప్రతి బట్టలోనూ లోపలి వైపు అంగుళం బట్ట మడిచి ఉంటుంది. ఒళ్ళు చేసినవాళ్ళు మళ్ళీ వస్తే నాలుగు కుట్లు విప్పి వదులు చేసి ఇస్తుంది. ఎక్కువుంటే మడిచెయ్యొచ్చు, తక్కువైతే ఎక్కణ్ణుంచి తెస్తాం అన్నది ఆమె లెక్క. బట్టల దగ్గర ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఈ కోటు వీధి చివర మందుల షాపు మేడమ్‌ది. ఆవిణ్ణి అందరూ భూతద్దం మేడమ్ అంటారు, ఎదురుగా మాత్రం అనరు. పెద్దాసుపత్రి మందుల గదిలో ఇరవై రెండేళ్ళు పనిచేసి, ఇప్పుడు తమ్ముడి షాపులో కూర్చుంటోంది. ఏ డబ్బా అయినా సరే, వెనక ఉన్న చీమల బారులాంటి అక్షరాలు భూతద్దం పెట్టి చదవందే చేతికివ్వదు. కొలతకని ఆవిడ తెచ్చిచ్చిన పాత కోటు కుర్చీ మీద ఉంది. దాని కుడి జేబు మూల చిరిగిపోయి, నల్లదారంతో రెండుసార్లు కుట్టి, మళ్ళీ చిరిగింది. భూతద్దం పిడి పొడుచుకుని పొడుచుకుని అలా అయింది. అది చూసినప్పుడు అంగుళమక్కకు ఏడాది కిందటి పొద్దున్న గుర్తొచ్చింది.

అప్పటికి ఆమెకు ముప్పై నాలుగు. మూడేళ్ళ ముందు ఒకసారి కడుపొచ్చి, రెండో నెలలోనే పోయింది. ఆ తర్వాత ఆలుమగలిద్దరూ ఆ మాటే ఎత్తలేదు. చివరికి బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే మొగుడే కదిపాడు, ఇంకోసారి చూద్దామా అని. ఆమె సరేనంది గానీ, ఈసారి తనవైపు నుంచి ఏ లోటూ ఉండకూడదని పట్టుబట్టింది. బలానికి ఒక మాత్ర. జుట్టుకీ చర్మానికీ మంచిదని వదిన ఇచ్చిన మాత్ర ఇంకొకటి. బంగారు రంగులో మెరిసే చేప కాలేయపు నూనె గోళీ మూడోది. బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చినావిడ సీసాలో పోసిచ్చిన పొడి నాలుగోది.

"నువ్వు పొద్దున్నే మింగేవాటికే కడుపు నిండిపోయేట్టుంది. ఇంక బిడ్డకి చోటెక్కడే?" అన్నాడు మొగుడు.

"నువ్వు బస్సులో ఆయిల్ పొయ్యవా? అలాగే ఇదీనూ."

"పోస్తాను, గీత దాకా. గీత దాటితే పొగొస్తుంది."

ఆ మాట ఆమె చెవికెక్కలేదు. ఇంకేదో కొత్త డబ్బా టీవీలో చూసి, అదీ కొందామని మందుల షాపుకు వెళ్ళింది.

మేడమ్ డబ్బా తీసింది, వెనక్కి తిప్పింది, చదివింది. ఇవ్వకుండా అడిగింది.

"ఇంట్లో ఇంకేం వాడుతున్నావ్?"

"ఏం లేవండీ, బిడ్డ కోసమని మామూలు బలం మాత్రలే."

"ఆ మామూలువే పట్టుకురా. డబ్బాలతో సహా."

లోపలి నుంచి తమ్ముడు కేకేశాడు. "అక్కా, కొంటానని వచ్చినవాళ్ళని కూడా తిప్పి పంపితే మనమిక్కడ ఈగలు తోలుకోవాల్సిందే!"

"తోలుకో. చేతులు ఖాళీగానే ఉన్నాయిగా."

అంగుళమక్కకు ఒళ్ళు మండింది. అయినా వెళ్ళి, నాలుగూ గుడ్డసంచిలో వేసుకొచ్చి అద్దాల బల్ల మీద ఠక్కున పెట్టింది. మేడమ్ ఆ చప్పుడు పట్టించుకోలేదు. ఒక ఖాళీ అట్టపెట్టె చింపి, దాని వెనక వైపు పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టింది. ఒక్కో డబ్బాకూ భూతద్దం, ఒక్కో డబ్బాకూ ఒక వరుస. మధ్యలో ఇద్దరు వచ్చి దగ్గు మందు, పట్టీలు తీసుకెళ్ళారు. ఆవిడ చెయ్యి మళ్ళీ ఆగిన చోటే మొదలైంది.

"ఒకడు మైక్రోగ్రాముల్లో వేస్తాడు, ఇంకొకడు యూనిట్లలో వేస్తాడు. గజాలూ మీటర్లూ కలిపి రాసిస్తే నువ్వు బట్ట కొయ్యగలవా? ముందు అన్నీ ఒక కొలతలోకి తేవాలి" అంటూ అట్టను ఇటు తిప్పింది. "చూడు. మూడింట్లోనూ విటమిన్ ఎ, రెటినాల్ రకం. మైక్రోగ్రాముల్లో చూస్తే రోజుకి ఎనిమిది వందలు, పదిహేను వందలు, పన్నెండు వందలు. కలుపు."

"మూడువేల అయిదొందలు" అంది అంగుళమక్క. కూడిక ఆమెకు వేళ్ళ చివర ఉంటుంది.

"పెద్దవాళ్ళకి పై హద్దే మూడువేలు. బిడ్డ కావాలనుకునేవాళ్ళు ఆ దరిదాపులకి కూడా పోకూడదు."

"ఎక్కువుంటే మంచిదేగా మేడమ్. ఒంట్లో నిలవుంటుంది."

"నా భయమూ అదే, నిలవుండిపోతుందని. కొన్ని విటమిన్లు ఎక్కువైతే నీళ్ళతో పోతాయి. ఇది కాలేయంలో కూర్చుంటుంది. మోతాదు మించితే కడుపులో పిండం తయారయ్యే తొలి రోజుల్లో చెడుపు చెయ్యొచ్చు. అప్పటికి నెల తప్పిందని నీకే తెలీదు. కూరల్లోదీ క్యారెట్లోదీ వేరు, వాటితో ఈ గొడవ లేదు, నిక్షేపంగా తిను." తర్వాత గొంతు తగ్గించింది. "బట్టలో అంగుళం ఎక్కువైతే మడిచి కుడతావ్. ఒంట్లో మడవడానికి చోటెక్కడుందమ్మాయ్?"

అంగుళమక్క అట్ట మీది అంకెల మీద వేలు పెట్టి, అడగలేక అడిగింది.

"పోయినసారి రెండో నెలకే పోయింది... అది నా చేతులారా చేసుకున్నదేనా మేడమ్?"

"అప్పుడివి వాడావా?"

"లేదు. ఏమీ వాడలేదు."

"మరి? అలా పోయేవాటిలో చాలావాటికి ఎవరి తప్పూ ఉండదు. ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు చూశాను. ఆ బరువు దించెయ్."

సీసాలోని పొడిని వెలుగుకెత్తి చూసి, "దీని మీద అక్షరమ్ముక్క లేదు. చదవడానికి లేనిదాన్ని నేను మందనను" అని పక్కన పెట్టింది. షుగరుందా, ఫిట్స్ మందులేమైనా వాడుతోందా, ఇళ్ళల్లో ఎవరికైనా వెన్నెముక లోపంతో పిల్లలు పుట్టారా అని వరసగా అడిగింది. ఏవీ లేవని తెలిశాక ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే ఇచ్చింది, నాలుగు వందల మైక్రోగ్రాములది, రోజుకొకటి.

"ఇది ఇవాళే మొదలుపెట్టు. కడుపొచ్చాక మొదలెడితే ఆలస్యం. మిగతావన్నీ ఆపి, ఈ అట్ట డాక్టరమ్మకి చూపించు. రక్తపరీక్ష చేసి ఇంకేం కావాలో ఆవిడ చెప్పాలి, నేను కాదు."

డాక్టరమ్మ ఆ అట్టను రెండుసార్లు చదివి, ఎవరు రాశారని అడిగింది. రక్తం తక్కువగా ఉందని ఇనుము మాత్ర మాత్రం కలిపి, రెండు నెలలు ఆగి ప్రయత్నించమంది. ఆ రాత్రి మొగుడు అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను గీత దాకా అన్నప్పుడు వినలేదు గానీ!"

"నువ్వు లెక్క రాసి చూపించలేదుగా" అంది ఆమె. ఆ అట్ట ఇప్పటికీ మిషను సొరుగులో, బాబిన్ల పక్కనే ఉంది.

కోటు కుట్టడానికి మూడు రోజులు పట్టింది. ఆమెకిప్పుడు ఐదో నెల, మిషను ముందు వంగి ఎక్కువసేపు కూర్చోలేకపోతోంది. మొన్నటి స్కానింగులో అన్నీ సక్రమంగా ఉన్నాయన్నారు. కాలరు తిప్పింది, కాజాలు చేత్తో కుట్టింది. ఆఖర్న, ఎవరూ చెప్పకపోయినా, ఎడమ వైపు లోపల గుండె పక్కన పొడుగాటి జేబు వేసింది. అడుగున మందపాటి బట్ట రెండు పొరలు పెట్టి, మూలలు ఎదురు కుట్టుతో బిగించింది. పిడి ఎంత పొడుచుకున్నా దిగదు. ఈ జేబుకు మాత్రం అంగుళం వదల్లేదు. పాత జేబు మీద భూతద్దం వదిలిన అచ్చును కొలిచి, సరిగ్గా అంతే కోసింది.

ఇస్త్రీ చేసి, మడిచి, షాపుకు నడిచి వెళ్ళింది. మేడమ్ కోటు తొడుక్కుని, భుజాలు కదిపి, లోపలి జేబు చూసి ఆగిపోయింది. భూతద్దం అందులోకి జారవిడిచింది. కదల్లేదు. మళ్ళీ బయటికి తీసి, అంచు తిరగేసి, కుట్టు మీద పెట్టి చూసింది.

తమ్ముడు నవ్వాడు. "అయిపోయావ్ అంగుళమక్కా, నీ కుట్లు కూడా చదివేస్తోంది!"

"చదవనీ. దేన్నయినా చదివాకే తీసుకోవాలిగా" అంది అంగుళమక్క.

మేడమ్ తలెత్తకుండానే అడిగింది. "పక్క కుట్లలో అంగుళం వదిలినట్టున్నావ్?"

"వదిలానక్కా. బట్టేగా."

మేడమ్ భూతద్దాన్ని కొత్త జేబులో పెట్టుకుని, బొత్తాలు పై నుంచి కింద దాకా పెట్టుకుంది.