మెట్టు మీద ఒక కాలు

శ్రీకాకుళం బస్టాండులో నా పక్కన నిలబడినావిడ చేపలు అమ్ముకుని, ఖాళీ తట్టతో తిరిగి వెళ్తోంది. వెంట ఆరేళ్ల మనవరాలు. బస్సు రాగానే ఆ పిల్ల బోర్డు చదవబోయి, "న... ర... స..." అంటూ ఒత్తు దగ్గర ఆగిపోయింది. నేను ఒకటో తరగతి పంతులమ్మను, నోరు ఊరుకోదు. అందించబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"సెప్పకమ్మా. నాను రోజూ ఎక్కీ బస్సే, నాకు తెల్దేటి? దాన్ని సదవనీ."

కండక్టర్ రైట్ అనబోయాడు. ఆవిడ ఒక కాలు మెట్టు మీద పెట్టి, రెండోది నేల మీదే ఉంచింది.

"ఉండు బాబూ, గుంట సదవతన్నాది."

లోపల ఎవరో విసుక్కున్నారు. పిల్ల గాలిలో వేలితో ఆ అక్షరం దిద్దుకుంది. "నరస...న్న...పేట!"

"అయితే మనదే, ఎక్కు" అంది ఆవిడ, అప్పుడే తెలిసినట్టు.

పాఠాలు ముగించే తొందరలో పిల్లల నోటి దగ్గర మాటలు నేనెన్ని లాక్కున్నానో! ఇప్పుడు మా తరగతిలో ఎవరైనా అక్షరం దగ్గర ఆగితే మిగతావాళ్లు అరవబోతారు. నేను చెయ్యి అడ్డం పెడతాను.

"ఉండండర్రా, సదవతన్నాది."

ఆ మాట మాత్రం ఆవిడ యాసలోనే వస్తుంది.