ప్రభుదాస్ గారి రెండో లంగరు

"నా రుబ్బురోలు పొత్రం నీళ్లలో పడేస్తారా? రేపు పిండి దేంతో రుబ్బను, మీ తలకాయతోనా?"

"పడేసుడు కాదు మేబెల్. లంగర్ లెక్క తాడు కట్టి దింపుడు. సాయంత్రం మళ్ల పైకి తీస్త."

"హుస్సేన్ సాగర్‌లో ముంచిన పొత్రంతో రుబ్బి దోసె పోస్తే తింటారా మీరు?"

ప్రభుదాస్ గారు చేతిలోని పొత్రాన్ని ఓసారి చూసుకున్నారు. పై పోర్షన్‌లో అద్దెకుండే నేను మెట్ల మీద కూర్చుని వింటున్నాను. ఇంజనీరింగ్ మూడో ఏడు వదిలేసినవాడికి పొద్దున తొమ్మిదింటికి వేరే పనేముంటుంది?

"తింట," అన్నారాయన. పచ్చి అబద్ధం. ఆ గొంతు వినగానే మేబెల్ గారు పొత్రం లాక్కుని లోపలికి వెళ్లిపోయారు.

ఇది రెండు వేల ఏడులో, మెట్టుగూడలో. ప్రభుదాస్ గారు ముప్పై నాలుగేళ్లు గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. అంటే, బండి చివరి పెట్టెలో ఒక్కరే కూర్చుని వెనక్కి పోయే ఊళ్లను చూస్తూ బతికారు. క్రిస్మస్‌లూ, సొంత పెళ్లిరోజులూ ఏ కాజీపేట అవతలో సిగ్నల్ కోసం ఆగిన బండిలోనే గడిచిపోయాయి. అందుకని రిటైరయ్యాక ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. మేబెల్ గారి పక్కన కదలకుండా కూర్చోవాలి. ఇంతవరకు బాగానే ఉంది. కాకపోతే, కదలకుండా కూర్చోవడానికి ఆయన కొన్నది పడవ.

"అందుకు ఇంట్లో కుర్చీలు లేవా?" అని అడిగారు మేబెల్ గారు. బాపట్ల ఆవిడ, బళ్లో పంతులమ్మగా చేశారు. ప్రశ్న వేస్తే జవాబు వచ్చేదాకా వదలరు.

"కుర్చీల కూసుంటె నువ్వు లేస్తవ్. పాలు పొంగుతున్నయంటవ్, బెల్లు మోగిందంటవ్. నీళ్ల నడిమిట్ల ఏడికి లేస్తవ్?"

ఇది పెళ్లాన్ని ఎత్తుకుపోవడంలా ఉందని ఆయన ముఖం మీదే అన్నాను. సంతోషంగా నవ్వారు.

పదకొండడుగుల పడవ అది. కంటోన్మెంట్ నుంచి బదిలీ అయిపోతున్న ఒక కల్నల్ అమ్మాడు. సాగర్ ఒడ్డున కట్టుకోవడానికి అనుమతి ఇప్పించి, గొడుగులా ముడుచుకునే నాలుగు కొక్కేల లంగరు కూడా ఇచ్చాడు. మేబెల్ గారు మొదటిసారి ఎక్కిన రోజు ప్రభుదాస్ గారు దాన్నే వేశారు. గాలి లేచింది. పడవ గడియారం ముల్లులా లంగరు చుట్టూ తిరిగింది. తర్వాత లంగరునే ఈడ్చుకుంటూ బయల్దేరింది. టిఫిన్ క్యారియర్ నీళ్లలో పడింది. టూరిస్టు లాంచీలో వాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఇంకొక్కసారి ఎక్కుతాను, మన పెళ్లిరోజున," అన్నారు మేబెల్ గారు ఇంటికొచ్చి. "అది కదిలిందా, ఇక చచ్చినా ఎక్కను."

పెళ్లిరోజు శనివారం. పొత్రం గొడవ బుధవారం.

"బండికి ముందు ఇంజన్ బ్రేకుంటది, ఎనక గార్డు బ్రేకుంటది," అన్నారాయన నాతో. "పడవకు సుత గట్లనే. రెండోది ఉండాలె. జెర నాతోని రా బాబూ."

కొక్కేల లంగరు సంచిలో వేసుకుని రాంగోపాల్‌పేట్ వెళ్లాం. మొదటి ఇనుప దుకాణంలో ఆయన "రెండో లంగర్ కావాలె" అన్నారు. గురుద్వారాలో పెట్టే భోజనాన్నీ లంగర్ అనే అంటారు కదా. దుకాణదారు జాలిగా చూశాడు. "రెండోసారి సుత పెడ్తరు సాబ్, ఎవ్వర్ని కాదనరు. పరేషాన్ గాకుండ్రి," అని దారి కూడా చెప్పాడు.

పాత ఇనుము అమ్మే ఇస్మాయిల్ దగ్గర మాత్రం ముందే "పడవ లంగర్" అని అరిచారు. అరుస్తూనే ఇరవై కిలోల తూకపు రాయి మీద కన్నేశారు.

"అది ఎయ్యనీకి మీరున్నరు. లేపనీకి ఎవరున్నరు?" అన్నాడు ఇస్మాయిల్. "అడుగున రాయా, బురదా?"

"బురదనే."

"మరి కొక్కెమేం పట్టుకుంటది సాబ్? అంగీ గల్లా పట్టినట్టు బురదను పట్టుకుంటరా ఎవరన్న?"

దుకాణం ముందు పైపుల కోసం తవ్వి వదిలేసిన బురద గుంత ఉంది. ఇస్మాయిల్ అందులో మా లంగరు వేసి లాగాడు. పెంపుడు కుక్కలా వెంట వచ్చేసింది. తర్వాత ఒక పాత పారను ఏటవాలుగా దించి, దానికి కట్టిన తాడు ప్రభుదాస్ గారి చేతికిచ్చాడు. ఆయన లాగారు. లాగిన కొద్దీ అది దిగబడింది. ఇంకా గట్టిగా లాగారు. చెప్పు జారి, బురదలో చతికిలబడ్డారు.

"పట్టింది!" అని అక్కణ్ణుంచే కేకేశారు. లేవాలని కూడా తోచలేదు ఆయనకు.

శుక్రవారానికల్లా ఇస్మాయిల్ రెండు పార రేకులను ఒక కడ్డీకి అతికించి, రెండు గజాల గొలుసు తగిలించి ఇచ్చాడు. "గొలుసు బరువుకు లంగర్ పండుకుంటది. పండుకుంటెనే పార దిగుతది. దీన్ని గాలొచ్చే దిక్కు ఎయ్యిండ్రి, పాతది రెండో దిక్కు. తాడు పొడుగ్గ ఇడువుండ్రి, కంజూసీ చెయ్యకుండ్రి."

శనివారం మూడింటికి మేబెల్ గారు గొడుగుతో, సాగర్ మురుగు వాసనకు ముక్కు దగ్గర కర్పూరం కట్టిన చేతిరుమాలుతో పడవెక్కారు. ఈసారి క్యారియర్‌ను తాడుతో బల్లకు కట్టేశారు. నేను గట్టు మీదే ఉన్నాను. ప్రభుదాస్ గారు తెడ్లు వేసుకుంటూ వెళ్లి రెండు లంగర్లూ దింపారు. గాలి లేచింది. గొడుగు వెనక్కి తిరగబడింది. పడవ కదల్లేదు.

గంట తర్వాత చూస్తే ఆయన తాడు లాగుతున్నారు, ఒంటిచేత్తో. ఆగారు. మళ్లీ లాగారు. తర్వాత నా సెల్ మోగింది.

"బాబూ," గొంతు గుసగుసలా ఉంది. "కొత్త లంగర్ వస్తలేదు. మస్తు దిగింది."

"రెండు చేతులతో లాగండి."

"ఎట్ల లాగుత? మేబెల్ నా భుజం మీద పండుకున్నది."

"లాంచీ వాళ్లను పిలవనా?"

"ఒర్రకు! లేస్తది." గొంతు ఇంకా తగ్గించారు. "తాడు కొయ్యాలె. మా వంటింట్ల కత్తి ఉంటది, పోయి తీస్కరా."

"సరే, ఆటోలో పోయి అరగంటలో—"

"ఆటో వద్దు బాబూ. మెట్టుగూడ దాంక నడుసుకుంట పో. వచ్చేటప్పుడు సుత నడుసుకుంటనే రా."