లాప్‌టాప్‌కి పెట్టిన బొట్టు

నరసరావుపేటలో మా అబ్బాయి ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాడు. మొన్న ఆయుధపూజకి మా ఆయన స్కూటర్‌తోపాటు వాడి లాప్‌టాప్‌కీ బొట్టు పెట్టాను. మర్నాడు వాడి ఉద్యోగం పర్మనెంటయ్యేదీ లేనిదీ తేలే మీటింగ్. సరిగ్గా అప్పుడే లాప్‌టాప్ నల్లటి తెర దగ్గర ఆగిపోయింది.

"కంప్యూటర్‌కి కుంకుమేందే? లోపలికి పోయుంటది!" అన్నారు మా ఆయన. గబగబా కొంగుతో ఆ బొట్టు తుడిచేశాను.

వాడు ఏవో మీటలు నొక్కి ఒక లైను చెరిపేయగానే లాప్‌టాప్ ఆన్ అయింది.

"నీ కుంకుమ కాదమ్మా. స్పీడు పెరుగుద్దని నిన్న నేనే లాప్‌టాప్‌ని నడిపే కెర్నల్ సెట్టింగ్‌లో ఆ లైను కలిపా" అన్నాడు.

ఇంట్లో ఏది చెడినా ముందు నా చేతుల వంకే చూసుకోవడం నాకెప్పుడు అలవాటైందో!

మీటింగ్ అయ్యాక వాడే కుంకుమ భరిణె తెచ్చి, లాప్‌టాప్ నా ముందు పెట్టాడు.